తెరపై అక్షరం – దాని వేషం
(ప్లాటినం జూబిలీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



తామరైపాక్కం బిడ్డలకు ఆనకట్ట కొత్త విషయం కాదు. కుశస్థలి నీరు అక్కడ నిలిచి, తలుపు ఎత్తగానే కాలువ గుండా చోళవరం చెరువు వైపు మళ్లుతుంది. నీరు అదే, దారి మాత్రమే వేరు. తలుపు దించేవరకు వచ్చిన నీరంతా ఆ దారినే పోతుంది. కంప్యూటరు తెరపై అక్షరాల రూపును మార్చే పద్ధతి కూడా ఇటువంటిదే.

తెర, మీటల పలక కలిసి కంప్యూటరుకు తగిలించిన సాధనమే టెర్మినల్. 1978లో డిజిటల్ సంస్థ తెచ్చిన వీటీ 100 టెర్మినల్ తెర మీద వరుసకు 80 అక్షరాల చొప్పున 24 వరుసలు పట్టేవి. అక్షరాన్ని ముదురుగా చూపాలన్నా, అడుగున గీత గీయాలన్నా దానికి ఒక సంకేతం పంపాలి. ముందు 27 సంఖ్య గల ఎస్కేప్, తరువాత ఒక చదరపు కుండలి, ఒక అంకె, చివర ‘ఎమ్’ అక్షరం. అంకె 1 అయితే ముదురు, 4 అయితే అడుగు గీత, 5 అయితే మిణుకు, 7 అయితే వెలుగునీడల తారుమారు, 0 అయితే అన్నీ రద్దు.

అయితే ఒక్కొక్క సంస్థ టెర్మినల్‌కు ఒక్కొక్క సంకేత భాష ఉండేది. ఈ చిక్కును విప్పడానికి 1980 ప్రాంతంలో బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో కెన్ ఆర్నాల్డ్ ‘కర్సెస్’ అనే ఫంక్షన్ల లైబ్రరీని రచించాడు. అది క్రమంగా పెరిగి, ‘అట్రాన్’, ‘అట్రాఫ్’ అనే ఫంక్షన్లు అందులో చేరినవి. ప్రోగ్రాం రాసేవాడు ‘ముదురు’ అని కోరితే చాలు. ఎదుట ఉన్న టెర్మినల్‌కు తగిన సంకేతాన్ని లైబ్రరీయే పట్టికలో వెదకి పంపుతుంది. అట్రాన్ తలుపు ఎత్తుతుంది, అట్రాఫ్ దించుతుంది. దించడం మరచినవానికి తరువాతి పంక్తులన్నీ ముదురుగానే పడతాయి. అక్షరం మాత్రం ఏ వేషంలోనూ తన సంఖ్యను విడువదు.

ఈ సూత్రం భారతీయ లిపులకు ఎంతగానో ఉపకరించినది. 1991లో భారతీయ ప్రమాణాల సంస్థ వెలువరించిన ‘ఇస్కీ’ ప్రమాణంలో అన్ని భాషల ‘క’కారానికీ ఒకటే సంఖ్య, 179. అది ఏ లిపిలో కనబడాలో చెప్పడానికి 239 అనే ప్రత్యేక సంకేతం ఉన్నది. దాని వెంట 68 వస్తే తమిళం, 69 వస్తే తెలుగు. 48 వస్తే అక్షరం ముదురు. అనగా ముదురుతనం వలెనే లిపి కూడా ఒక వేషమే.

‘భారతి’ అనే పేరును చూద్దాం. అందులోని ‘భ’కారం సంఖ్య 203. తమిళ లిపిలో ‘భ’కారానికి వేరు అక్షరం లేదు గనుక, ఆ పేరును ‘ప’కారంతోనే రాస్తారు. కంప్యూటరు లోపల 203 నిలిచి ఉన్నంతవరకు బాధ లేదు. వేషం మార్చగానే ‘భ’కారం చెక్కుచెదరకుండా తిరిగి వస్తుంది. తెరపై కనబడినదే చూసి మరొకచోట ‘ప’కారపు సంఖ్య 200 ఎక్కించినవారి చేతిలో మాత్రం ఆ ఒత్తు శాశ్వతంగా పోతుంది.

1991లోనే తొలి కూర్పు వెలువడిన యూనికోడ్‌లో ఒక్కొక్క లిపికి వేరు స్థానాలు దక్కినవి. తమిళ ‘క’కారం 2965, తెలుగు ‘క’కారం 3093, నడుమ దూరం సరిగా 128. ఇస్కీ వరుసనే పాటించినందువల్ల ఇరు భాషల అక్షరాలు ఎదురెదురుగా కూర్చున్నవి. తమిళ వరుసలో ‘భ’కారం చోటు నేటికీ ఖాళీగానే ఉన్నది.

ఈ ప్రాంతపు చరిత్ర కూడా ఇటువంటిదే. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి తాలూకా మద్రాసు రాష్ట్రంలో చేరినది. ఊళ్లు కదలలేదు, హద్దు కదిలినది. 2006 నాటి చట్టంతో తమిళం బడులలో తప్పనిసరి పాఠ్యాంశమైనది. ఇరుగుపొరుగు భాషను చక్కగా నేర్చుకొనడం బిడ్డకు లాభమే. అయితే తన పేరు అసలు అక్షరాలు ఏవో తెలియని బిడ్డకు, పోయిన ఒత్తును తిరిగి తెచ్చుకొనే దారి ఉండదు. ఆ అసలు సంఖ్యను భద్రపరచడమే 75 ఏండ్లుగా ఈ పాఠశాల చేసిన పని.

కనుక తల్లిదండ్రులకు ఒక విన్నపం. బిడ్డ పేరు రికార్డులలో ఏ లిపిలో ఉన్నా, ఇంట ఒక నోటుపుస్తకంలో దానిని తెలుగులో, ఒత్తులతో, దీర్ఘాలతో, వారి చేతనే రాయించండి. వేషాలు ఎన్ని మారినా ఆ అక్షరం నిలుస్తుంది.

శుభం భూయాత్.