లెక్క అడిగిన అంబేద్కర్: సైన్యం, సారాయి, బడి
(కార్యకర్తల తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



అంబేద్కర్ అంటే మనకు రాజ్యాంగం, రిజర్వేషన్లు, పుస్తకం పట్టుకున్న విగ్రహం. ఏప్రిల్ 14న దండ వేసే పెద్దమనుషులు కూడా అంతవరకే చెబుతారు. కానీ పరదేశాలతో ఎట్లా మెలగాలి, తాగుడు విషయంలో సర్కారు ఏం చేయాలి అనే రెండు సంగతుల్లో ఆయన ఢిల్లీ ఏలికలకు ఎదురు నిలిచినాడు. ఆ మాటలు వాళ్ళకు రుచించవు. మనలో కొందరికీ రుచించవు. అందుకే ఈ పొద్దు వాటినే మాట్లాడుకుందాం.

1951 సెప్టెంబరులో ఆయన నెహ్రూ మంత్రివర్గానికి రాజీనామా ఇచ్చినాడు. హిందూ కోడ్ బిల్లును పక్కన పడేసినందుకని మనకు తెలుసు. అక్టోబరు 10న పార్లమెంటులో కారణాలు చెప్పబోతే, ముందుగా కాగితం చూపమన్నారు. ఆయన సభ నుంచి లేచి వచ్చేసినాడు. ఆ ప్రకటనలో విదేశాంగ విధానం కూడా ఒక కారణం. దేశానికి వచ్చే 350 కోట్లలో 180 కోట్లు సైన్యానికే పోతోందని లెక్క తీసి చూపినాడు. ఎందుకు పోతోంది? లోకంలో స్నేహితులను పోగొట్టుకున్నాం, కశ్మీరు తగాదా తెగడం లేదు, అందుకని అన్నాడు. కశ్మీరును పంచుకుని తగాదా తెంచుకోమన్నాడు. ఆ పరిష్కారం ఒప్పా తప్పా అని వాదించవచ్చు. సైన్యమే వద్దని ఆయన అనలేదు. ఆయన అడిగింది ఒకటే: ఈ ఖర్చు ఎవరి నోటి కూడు?

ఇది అనంతపురానికి దూరపు మాట అనుకోవద్దు. 1800లో నిజాము ఈ సీమను ఇంగ్లీషు కుంపిణీకి ఎందుకిచ్చినాడు? తన దగ్గర పెట్టుకున్న కుంపిణీ పటాలం ఖర్చు కింద ఇచ్చినాడు. అందుకే దత్తమండలం అన్నారు. సిపాయి జీతానికి మన నేలనే జమ కట్టినారు. కరువు సీమ జనాన్ని ఎవరూ అడగలేదు.

ఇక రెండో మాట. అదే 1951 అక్టోబరులో షెడ్యూల్డు కులాల ఫెడరేషన్ ఎన్నికల ప్రణాళిక వచ్చింది. మన చదువుకు, అభివృద్ధికి డబ్బు ఎక్కడిదంటే దారులు చూపింది. సైన్యం ఖర్చు తగ్గించండి. ఇన్సూరెన్సును జాతీయం చేయండి. ఉప్పు పన్ను మళ్ళీ వేయండి. మద్యనిషేధం ఎత్తేయండి! ఉప్పు పన్ను పేదవాడి మీద కూడా పడుతుంది, దాన్ని మనం ప్రశ్నించవచ్చు. నిషేధం మాత్రం వట్టి పిచ్చి పని అని ప్రణాళిక తేల్చి చెప్పింది. సారాయి కాచడం ఇంటి పరిశ్రమ అయింది, కళ్ళెదుటే కాస్తుంటే ఆడవాళ్ళు, పిల్లలు కూడా తాగుతున్నారు, నేరాలు పెరిగినాయి అంది.

అప్పుడు మన జిల్లా మద్రాసు రాష్ట్రంలో ఉండేది. 1948 నాటికే ఆ రాష్ట్రమంతటా నిషేధం ఉంది. ఆంధ్ర రాష్ట్రం వచ్చినాక 1954లో ప్రకాశం ప్రభుత్వం నిషేధం తగాదాలోనే ఒక్క ఓటుతో కూలింది. తర్వాతి కాలంలో ప్రభుత్వమే వారుణివాహిని పేరుతో సారాయి ప్యాకెట్లు వాడవాడకూ చేర్చింది.

ఇక్కడ ఎవరైనా అడుగుతారు: "మరి దూబగుంట ఆడవాళ్ళు చేసింది తప్పా? 1992లో నెల్లూరు జిల్లాలో సారా పాటలు ఆపింది మన అక్కచెల్లెళ్ళే కదా?"

తప్పు కాదు. వాళ్ళు మా వాడలో నీ అంగడి వద్దన్నారు. మొగుని కూలి డబ్బు ఇంటికి రావాలన్నారు. ఆ పోరాటంతోనే 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతా సారాయి ఆగింది. 1995 జనవరిలో సంపూర్ణ నిషేధం వచ్చింది. 1997లో ఖజానా ఖాళీ అని చంద్రబాబు ప్రభుత్వం దాన్ని ఎత్తేసింది. మూసేటప్పుడు ఆడవాళ్ళ పేరు చెప్పినారు. తెరిచేటప్పుడు ఆ ఆడవాళ్ళను అడిగినారా? 2019లో అంగళ్ళను సర్కారే నడిపింది, 2024 అక్టోబరులో మళ్ళీ ప్రైవేటుకిచ్చినారు. పార్టీలు మారినా బాటిలు మాత్రం మారలేదు.

అంబేద్కర్ తాగుబోతు పక్షం కాదు. ఆయనకు తాగే అలవాటే లేదు. పేదవాని వంటింట్లోకి పోలీసును పంపితే తాగుడు పోదని ఆయన మాట. పేదవాని గడపలోకి సీసాను పంపొద్దని మన అక్కల మాట. రెండూ సర్కారునే నిలదీస్తున్నాయి. రెండింటినీ కలిపి పట్టుకోవడమే మన పని.

శనక్కాయ పంట ఎండి బెంగుళూరు బస్సెక్కే మనిషి, అక్కడ సంపాదించిన నాలుగు రూకల్లో రెండు సీసాకు కడితే, అది కూడా పన్నే. ఆ పన్నుకు లెక్క అడగండి. మాల, మాదిగ గేరుల్లో బెల్టు షాపు ఉండకూడదని గ్రామసభలో తీర్మానం పెట్టండి. పొట్టకూటికి కాచిన ముసలమ్మ మీద కేసు పెట్టి, పెద్ద వ్యాపారిని వదిలేస్తే స్టేషను ముందు కూర్చోండి. 2013లో ఉప ప్రణాళిక చట్టం వచ్చింది. దాని కింద మన హాస్టలుకు ఎంత వచ్చింది, ఎంత దారి మళ్ళింది అని కాగితం మీద రాసి అడగండి. తాగుడు మానమని మనవాళ్ళకు చెప్పేది మనమే, మన ఇంట్లో, మన నోటితో.

ఆయన 1952 ఎన్నికల్లో బొంబాయిలో ఓడిపోయినాడు. జనానికి నచ్చని మాటలని తెలిసే అన్నాడు. ఓటు పోతుందని లెక్క దాచలేదు. మనమూ దాచొద్దు.

జై భీమ్!