కుక్కలు, పిల్లుల నోటి జబ్బులు

(సంఘం వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను డాక్టర్ని కాను. ఇంటర్ చదివి ఫౌజులో చేరాను. రిమౌంట్ వెటర్నరీ కోర్‌లో కుక్కల మధ్యే సర్వీసు గడిపి జేసీవోగా రిటైరయ్యాను. మీరట్‌లోని మా కోర్ సెంటర్‌లో నేర్చుకున్నదీ, వెటర్నరీ ఆఫీసర్ల పక్కన నిలబడి చూసిందీ చెబుతాను. మనలో చాలామంది ఇళ్లలో కుక్కో పిల్లో ఉంది కాబట్టి ఇది అందరికీ పనికొచ్చే విషయమే.

జవానుకు పన్ను నొప్పి వస్తే సిక్ రిపోర్ట్ చేస్తాడు. కుక్క చెయ్యదు. నొప్పితోనే తింటుంది, నొప్పితోనే డ్యూటీ చేస్తుంది. పిల్లి అంతకంటే గుంభనం. అందుకే వాటి నోరు మనమే తెరిచి చూడాలి.

పెద్ద కుక్కకు 42 పళ్లు, పిల్లికి 30. కుక్కపిల్లకు పాలపళ్లు 28, పిల్లిపిల్లకు 26. పామరేనియన్ వంటి చిన్న జాతుల్లో పాలపన్ను ఊడకుండానే పక్కన కొత్తది వస్తుంది. రెండింటి మధ్యా తిండి ఇరుక్కుని కుళ్లుతుంది. ఆరేడు నెలల వయసులో తప్పకుండా ఒకసారి చూపించాలి.

“కుక్క నోరన్నాక కంపు కొట్టదా?” అంటారు చాలామంది. కొట్టకూడదండీ. ఆ వాసనే మొదటి హెచ్చరిక. పళ్ల మీద చేరిన పాచి, ఉమ్ములోని ఖనిజాలతో కలిసి కొద్ది రోజుల్లోనే గట్టి గారగా మారుతుంది. దాని అంచున చిగురు ఎర్రబడి రక్తం కారుతుంది. తర్వాత చీము చేరి, పంటిని పట్టి ఉంచే ఎముక అరిగి, పన్ను కదులుతుంది. కుక్కల్లో ఎక్కువగా కనబడే నోటి జబ్బు ఇదే. మనకు పిప్పిపన్ను మామూలు, వాటికి అది అరుదు.

రెండోది పళ్లు విరగడం. రాళ్లు, గట్టి బొమికలు కొరికితే దవడపన్ను చీలుతుంది. కెన్నెల్ జాలీని కొరికే కుక్కలకు కోరపళ్లు వెనకవైపు అరిగి, ఒకరోజు పుటుక్కున విరుగుతాయి. మా యూనిట్లో ఒక లాబ్రడార్ ఉండేది. బంతి అంటే ప్రాణం పెట్టేది. అలాంటిది బంతిని నోట పట్టి వెంటనే వదిలేయడం మొదలెట్టింది. మొండికేసిందనుకోలేదు దాని హ్యాండ్లర్. పెదవి ఎత్తి చూశాడు. పై దవడపన్ను చీలి ఉంది. ఆఫీసర్ గారు మత్తిచ్చి పన్ను తీశారు, కుక్క కోలుకుని మళ్లీ డ్యూటీకి వచ్చింది. మందుపాతరలు వెతికే కుక్క వెనకాల ఒక పార్టీ మొత్తం నడుస్తుంది. దాని మనసు నొప్పి మీద ఉంటే ఎంత ప్రమాదమో మీకు చెప్పక్కర్లేదు.

ఆ పన్ను వేరులో చీము పడితే కంటి కింద వాస్తుంది. కంట్లో చుక్కలు వేస్తూ కూర్చుంటే తగ్గదు.

పిల్లుల్లో పన్ను చిగురు దగ్గర నుంచి కరిగిపోయే జబ్బు ఒకటుంది. నోరంతా పుండై, చొంగ కారుస్తూ, ఆకలి ఉన్నా గిన్నె దగ్గర నుంచి వెనక్కి పారిపోయే జబ్బు మరొకటి. పిల్లి నాలుక కింద దారం చిక్కుకుంటే లాగకండి. రెండో కొస పేగుల్లో ఉంటే పేగు కోసుకుపోతుంది. నోట్లో గడ్డ కనబడితే, చిన్నదైనా, వెంటనే చూపించండి. క్యాన్సర్ కావచ్చు.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైన మాట. కుక్క దవడ వేలాడేసి, చొంగ కారుస్తూ, మింగలేకపోతుంటే బొమిక ఇరుక్కుందని చెయ్యి పెట్టకండి. అది రేబిస్ కావచ్చు. కుక్కను కట్టడి చేసి పశువైద్యుడికి కబురు పెట్టండి. కరిచినా, గీరుకున్న చోట చొంగ తగిలినా 15 నిమిషాలు సబ్బుతో, ధారగా పడే నీళ్లతో కడిగి అదేరోజు ఆసుపత్రికి వెళ్లి టీకా మొదలెట్టండి. లక్షణాలు బయటపడ్డాక మనిషి దక్కడం దాదాపు అసాధ్యం. ఏటా కుక్కకూ పిల్లికీ టీకా వేయించడం మన డ్యూటీ.

ఇక జాగ్రత్తలు. మెత్తని బ్రష్షుతోనో, వేలికి చుట్టిన తడిగుడ్డతోనో రోజూ పళ్ల బయటివైపు తోమండి. మొదట్లో వేలితో పెదవి ఎత్తడం వరకే అలవాటు చెయ్యండి. మన పేస్టు వద్దు. అవి ఉమ్మలేవు, మింగేస్తాయి. కొన్ని పేస్టుల్లో ఉండే జైలిటాల్ కుక్కకు విషం. పశువుల మందుల షాపులో వేరే పేస్టు దొరుకుతుంది. ఉడికించిన బొమికలు పెట్టకండి, పెళుసుగా విరిగి గొంతులో గుచ్చుకుంటాయి. గోరుతో నొక్కితే దిగనంత గట్టి వస్తువేదీ నమలడానికి ఇవ్వకండి. మన నొప్పి మాత్రలు అసలే వద్దు. ఒక్క పారాసిటమాల్ బిళ్ల పిల్లి ప్రాణం తీయగలదు. గట్టిపడిన గారను ఇంట్లో గీకకండి. చిగురు లోపలిది తీయాలంటే మత్తిచ్చి డాక్టరే చెయ్యాలి.

ఫౌజులో ఆయుధాన్ని రోజూ శుభ్రం చేసిన చేతులు మనవి. ఇంటికి వెళ్లాక ఒకసారి పెదవి ఎత్తి చూడండి. వాసన, ఎరుపు, కదిలే పన్ను, వీటిలో ఏది కనబడినా పశువైద్యశాలకు తీసుకెళ్లండి.

జై హింద్.