బంగారుపేట పుస్తకానికి బహుమానం



కోలారు జిల్లాకు సాహిత్య పురస్కారాలు కొత్తవి కావు. ముళబాగిలులో జన్మించిన డి.వి. గుండప్పకు 1967లో, మాలూరు తాలూకాకు చెందిన మాస్తి వెంకటేశ అయ్యంగారికి 1968లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారాలు లభించాయి. మాస్తివారికి 1983లో జ్ఞానపీఠమూ దక్కింది. ఆయన ఇంటి భాష తమిళం, రచనా భాష కన్నడం. ఇంట ఒక భాష, వీధిలో మరొక భాష ఉండటం ఈ సీమలో వింత కాదు.

ఇక్కడి తెలుగు కూడా నిన్న మొన్న వచ్చినది కాదు. ఒకప్పుడు ఈ జిల్లాలోనే ఉండిన కైవారంలో నారేయణ యతీంద్రులు తెలుగులోనూ, కన్నడంలోనూ రచనలు చేశారు. వారి తెలుగు పదాలను కన్నడ లిపిలో చదివి పాడుకొనేవారు నేటికీ ఉన్నారు. ఆ తరువాత బంగారు గనులు తెరుచుకొన్నాయి. చిత్తూరు, ఉత్తర ఆర్కాడు ప్రాంతాల నుండి కూలీలు తరలివచ్చారు. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి. నాడు సురంగాలలోకి దిగినవారు నేడు వృద్ధులు. వారి అనుభవాలలో అచ్చుకెక్కినది కొంత, నోటిమాటగా మిగిలినది ఎంతో.

ఆ అనుభవాన్ని ఎవరైనా తెలుగులో గ్రంథస్థం చేస్తే దానికి ఆదరణ ఎక్కడ? కర్ణాటక సాహిత్య అకాడమీ కన్నడ పుస్తకాలకు బహుమానాలిస్తుంది. కన్నడ పుస్తక ప్రాధికారం ప్రచురణకర్తలను సైతం సత్కరిస్తుంది. ఆ సంస్థల కర్తవ్యం కన్నడ సేవ కనుక అది సముచితమే. కేంద్ర సాహిత్య అకాడమీ మాత్రం రాష్ట్రాన్ని కాక భాషను చూస్తుంది. తెలుగులో ఆ పురస్కారం తొలిసారి 1955లో సురవరం ప్రతాపరెడ్డి రచించిన ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’కు లభించింది. రచయిత అప్పటికే కీర్తిశేషులు. ఆయన ప్రాంతం అప్పటికింకా హైదరాబాదు రాష్ట్రంలోనే ఉంది. కాబట్టి ఎల్లకు ఇవతల పుట్టిన తెలుగు గ్రంథానికి ఆ ద్వారం మూసి లేదు.

అయితే పురస్కారం చేరవలసినది పుస్తకానికి. పుస్తకమే లేనిచోట పురస్కారం ఏం చేయగలదు? ఈ ప్రశ్నకు ప్రతాపరెడ్డిగారి జీవితంలోనే సమాధానం ఉంది. తెలంగాణలో కవులు లేరన్న మాట వినవచ్చినప్పుడు ఆయన వాదానికి దిగి ఊరుకోలేదు. ఊరూరి నుండి పద్యాలు తెప్పించి, 1934లో ‘గోలకొండ కవుల సంచిక’ను వెలువరించారు. అందులో 354 మంది కవులు కనిపించారు. ముందు సంపుటం వచ్చింది, గౌరవం దాని వెంట వచ్చింది.

బంగారుపేట పురపాలక పరిధిలో స్థానిక పుస్తక పురస్కారం నెలకొల్పదలచినవారికి ఇదే మార్గదర్శకం. శాలువా, జ్ఞాపిక ఒక సాయంత్రంతో ముగుస్తాయి. బహుమతి పొందిన పుస్తకపు ప్రతులను కొని గ్రంథాలయాలకు, పాఠశాలలకు పంపితే ఆ గౌరవం పాఠకుని చేతికి చేరుతుంది. రచయితతోపాటు సొంత సొమ్ము వెచ్చించి అచ్చువేసిన ప్రచురణకర్తను కూడా వేదికపైకి పిలవాలి. కన్నడం, తెలుగు, తమిళం, ఉర్దూలకు సమాన స్థానం ఉండాలి. కన్నడ లిపిలో వచ్చిన తెలుగు రచనను తెలుగు కాదని తోసిపుచ్చరాదు.

రచయితల బాధ్యత కూడా ఉంది. పుస్తకానికి ఐఎస్‌బీఎన్ సంఖ్య తీసుకోవటం, 1954 నాటి గ్రంథ సమర్పణ చట్టం ప్రకారం కలకత్తా జాతీయ గ్రంథాలయానికీ, చెన్నై కన్నెమరా గ్రంథాలయానికీ, చట్టం పేర్కొన్న తక్కిన గ్రంథాలయాలకూ ప్రతులు చేర్చటం మరువరాదు. ఇంటి అటకమీద ఉన్న కట్ట ఏ న్యాయనిర్ణేతకూ కనబడదు.

ఉద్యోగం కోసం వచ్చి ఈ పట్టణంలో స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఈ పనిని నేడే మొదలుపెట్టవచ్చు. ఇంటిలోని పెద్దల మాటలను ఒక నోటుపుస్తకంలో వ్రాసి ఉంచితే చాలు. గనిలోని బంగారం తరిగిపోయింది. గని కార్మికుని మాట ఇంకా మిగిలి ఉంది. అది కూడా తరిగిపోక మునుపే పుస్తకం కావాలి.