వాల్తేరు నుంచి వచ్చాక

మాస్టారి పేరిట ఏటా జరిగే ఈ ఉపన్యాసం ఇమ్మంటే కాదనలేకపోయాను. ఆయన గొప్పతనం నాకంటే ముందు మాట్లాడినవారు చెప్పేశారు. నాకు గుర్తున్నది ఒకటే: ఎవరింటికెళ్ళినా టీ తాగందే లేచేవారు కాదు, టీ బాగోలేకపోతే ఆ మాట చెప్పి మరీ లేచేవారు. ఇక విషయానికొస్తాను.

1871లో వాల్తేరులో వెలసిన మానసిక ఆసుపత్రి, 1982 నాటి జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం, 1996లో మెదక్‌తో సహా నాలుగు జిల్లాల్లో మొదలైన జిల్లా కార్యక్రమం, ఇవన్నీ మీరు విన్నవే. 13 నుంచి 17 ఏళ్ళ పిల్లల్లో నూటికి ఏడుగురికి పైగా మానసిక సమస్యలున్నాయని 2015-16 జాతీయ సర్వే చెప్పిందీ విన్నదే.

నా పేచీ ఆ తర్వాతి సంగతితో. ఆ ఆసుపత్రి నుంచి పిల్లను డిశ్చార్జి చేసి, మందులచీటీ చేతికిచ్చి, నెల పోయాక ఓపీకి రమ్మంటారు. చింతపల్లి నుంచి ఘాట్ దిగి, నర్సీపట్నంలో బస్సు మారి విశాఖ చేరాలంటే తల్లికి ఆ రోజు కూలి పోయినట్టే. ఒకసారి వస్తుంది, రెండోసారి రాదు. ఆమె రాలేదని ఆసుపత్రి రాసుకుంటుంది. ఆమె ఇంటికి మనమెవరమూ వెళ్ళలేదన్నది మాత్రం ఏ రిజిస్టరులోనూ ఉండదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 98వ సెక్షన్ చూడండి. డిశ్చార్జికి ముందే రోగితోనూ ఇంటివాళ్ళతోనూ మాట్లాడి, వైద్యం ఇకపై ఎలా సాగాలో ప్రణాళిక వేయమంది. మందులచీటీ ప్రణాళిక కాదు.

ఆ ఇంటికి ఆశా కార్యకర్తను పంపాలని నేనంటే, సైకియాట్రిస్టు లేకుండా వెళ్ళి ఏం చేస్తారని మిత్రులు ఏళ్ళ తరబడి నన్ను నిలదీస్తున్నారు. వంద అధ్యయనాలను కలిపి చూసిన 2017 నాటి విశ్లేషణ ప్రకారం, డిశ్చార్జయిన మొదటి మూడు నెలల్లోనే ఆత్మహత్యల రేటు అత్యధికం. ఓపీలో రెండు తేదీలు తప్పిపోతే ఆ గడువు కాస్తా గడిచిపోతుంది! చెన్నైతో సహా ఐదు దేశాల్లోని ఐదు చోట్ల ప్రపంచ ఆరోగ్య సంస్థ జరిపించిన అధ్యయనం 2008లో అచ్చయింది. ఆత్మహత్యకు ప్రయత్నించి ఆసుపత్రికొచ్చిన 1,867 మందిలో కొందరికి మామూలు వైద్యమే అందింది. వారిలో నూటికి 2.2 మంది ఆత్మహత్య చేసుకున్నారు. మిగతావారితో గంటసేపు మాట్లాడి, పద్దెనిమిది నెలల్లో తొమ్మిదిసార్లు ఫోన్ చేయడమో కలవడమో చేశారు. వారిలో ఆ సంఖ్య 0.2. పలకరించేది సైకియాట్రిస్టే కావాలన్న నియమం అక్కడ లేదు.

ఆ అధ్యయనంలో ఎక్కువమంది పెద్దవాళ్ళు కదా, పిల్లల సంగతి బడిలో టీచర్లు చూసుకుంటారు అంటారు. బీహార్‌లో 74 హైస్కూళ్ళలో జరిగిన ప్రయోగం 2018లో లాన్సెట్‌లో వచ్చింది. ఒకే కార్యక్రమం. వృత్తి నిపుణులు కాని మామూలు కౌన్సెలర్లు నడిపిన బళ్ళలో పిల్లల కుంగుబాటు తగ్గింది, టీచర్లు నడిపినచోట ఫలితం లేదు. ఆ పిల్లలు ఆసుపత్రి నుంచి వచ్చినవాళ్ళు కాదు, నిజమే. కానీ మార్కులు వేసే మనిషికి ఏ పిల్ల తన గుబులు చెప్పుకుంటుంది?

ఆశా కార్యకర్తల కోసం నేనిప్పుడు రాస్తున్న చేతిపుస్తకం ఇక్కడే మొదలవుతుంది. మొదటిసారి వెళ్ళినప్పుడు మాత్రల ప్రస్తావన వద్దంటాను. ముందు నిద్ర గురించి అడగాలి. ఆశ్రమ పాఠశాలకు తిరిగి వెళ్ళే పిల్లయితే మాత్రలు ఎవరి దగ్గరుంటాయి, తోటి పిల్లలకు ఏం చెప్పారు అన్నవి రెండోసారికి. ఆశాలకు ఉన్న పనే ఎక్కువన్నది న్యాయమైన అభ్యంతరం. అందుకే ఇంటికి వెళ్ళిన ప్రతిసారికీ విడిగా డబ్బివ్వాలంటాను. నిర్వాహకులు ఒప్పుకుంటే, వచ్చే ఏడాది ఈ ఉపన్యాసం మానేసి దీనికోసం పెట్టిన నిధి మీద వచ్చే వడ్డీ ఇందుకే ఇవ్వొచ్చు.