చూపు తగ్గితే హక్కు తగ్గదు

(సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన సభల్లో సాధారణంగా కరువు భత్యం బకాయిల గురించి, మెడికల్ బిల్లుల గురించి మాట్లాడుకుంటాం. ఈసారి కంటిచూపు గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు ఆదేశించారు. బకాయి ఎంత ఆలస్యమైనా ఏదో ఒకనాడు చేతికి వస్తుందనే ఆశ ఉంటుంది. కొన్ని కంటిజబ్బుల్లో పోయిన చూపు మాత్రం మళ్ళీ రాదు. కనుక ఈ విషయానికి ఒక గంట కేటాయించడం సబబేనని మనవి చేస్తున్నాను.

"వయసు మీదపడ్డాక చూపు మందగించడం మామూలే కదా!" ఈ మాట మనలో అనని వారు అరుదు. ఈ మాటలో నిజం ఎంతో కొలిచి చూసినవారు మన తెలుగువారే. డాక్టర్ గుళ్ళపల్లి నాగేశ్వరరావుగారు అమెరికా నుంచి తిరిగి వచ్చి 1987లో హైదరాబాద్‌లో ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య విజ్ఞాన సంస్థను స్థాపించారు. ఏలూరు ప్రాంతంలో పుట్టి చలనచిత్ర రంగంలో పేరుగాంచిన ఎల్.వి. ప్రసాద్‌గారి కుటుంబం స్థలం, ధనం విరాళంగా ఇచ్చింది. అది లాభాపేక్ష లేని సంస్థ. వైద్యంతోబాటు పరిశోధన కూడా తన బాధ్యతే అనుకున్నది.

1996 నుంచి 2000 వరకు ఆ సంస్థవారు హైదరాబాదు నగరంలోను, పశ్చిమ గోదావరి, ఆదిలాబాదు, మహబూబ్‌నగర్ జిల్లాల్లోను అన్ని వయసులవారినీ కలిపి 10,293 మందికి కంటి పరీక్షలు జరిపారు. మంచి కన్ను అరవై మీటర్ల నుంచి చూడగలిగిన అక్షరాన్ని ఆరు మీటర్ల నుంచి కూడా చూడలేకపోతే అంధత్వంగా లెక్కకట్టారు. పక్కచూపు బాగా కుంచించుకుపోయిన వారినీ అందులోనే చేర్చారు. ఈ లెక్కన అంధత్వం 1.84 శాతం, అంటే వెయ్యిమందిలో సుమారు పద్ధెనిమిది మంది. అందులో 44 శాతం శుక్లాల వల్ల, 16 శాతానికి పైగా సరైన కళ్ళద్దాలు లేకపోవడం వల్ల. అంటే నూరుమంది అంధుల్లో అరవైమంది ఒక చిన్న ఆపరేషనుతోనో, ఒక జత అద్దాలతోనో చూడగలిగేవారే! పేదల్లో, పల్లెల్లో, ఆడవారిలో ఈ బాధ ఎక్కువని కూడా తేలింది. ఇక్కడున్న మగవారు చివరి మాటను రెండుసార్లు వినాలి. మన అద్దాలు ఎప్పుడు మార్చామో మనకు గుర్తుంటుంది. ఇంట్లో ఆమె కంటి పరీక్ష ఎప్పుడు జరిగిందో ఎంతమంది చెప్పగలరు?

దేశమంతటికీ సంబంధించి 2015-19 మధ్య ఇంకొక సర్వే జరిగింది. యాభై ఏళ్ళు దాటినవారిలో 1.99 శాతం అంధులని, అందులో మూడింట రెండు వంతులు శుక్లాల వల్లనేనని తేలింది. 2017లో ప్రభుత్వం అంధత్వానికి కొలతను 6/60 నుంచి 3/60కి మార్చింది కనుక, ఈ రెండు సర్వేల అంకెలను పక్కపక్కన పెట్టి పోల్చకూడదు. అయినా రెండూ చెప్పే నీతి ఒక్కటే. శుక్లాలే ఇంకా మొదటి శత్రువు, అది ఓడించగలిగిన శత్రువు.

మన వయసువారికి మరింత దగ్గర విషయం ఒకటుంది. ఎల్.వి. ప్రసాద్ సంస్థవారే హైదరాబాదులోని 41 వృద్ధాశ్రమాల్లో అరవై దాటినవారిని పరీక్షించారు. పదిమందిలో ముగ్గురికి చూపు దెబ్బతిని ఉంది. ఆ ముగ్గురిలోనూ ఎక్కువమందిది తక్కువ ఖర్చుతో సరిచేయగలిగిన లోపమే. నగరం నడిబొడ్డున, పెద్దాసుపత్రులు కూతవేటు దూరంలో ఉన్నా ఇదీ పరిస్థితి. ఆసుపత్రి దగ్గరగా ఉంటే చాలదు. "పదండి, చూపించుకొద్దాం" అనే మనిషి కూడా దగ్గరగా ఉండాలి.

అలా దగ్గరకు వెళ్ళడానికే ఆ సంస్థవారు గోపురంలాంటి ఏర్పాటు చేశారు. అడుగున సుమారు యాభైవేల జనాభాకు ఒక దృష్టి కేంద్రం. అక్కడ స్థానిక యువతీయువకులే శిక్షణ పొంది కళ్ళు పరీక్షించి అద్దాలిస్తారు. ఆపరేషను అవసరమైతే పై మెట్టులోని ఆసుపత్రికి పంపుతారు. విశాఖపట్నంలోను, విజయవాడ దగ్గర తాడిగడపలోను వారి పెద్ద ఆసుపత్రులున్నాయి. 1999లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మొదలుపెట్టిన "విజన్ 2020, చూపు హక్కు" ఉద్యమంలో నాగేశ్వరరావుగారు అంతర్జాతీయ స్థాయిలో ముఖ్యపాత్ర వహించారు. చూపు దయాధర్మంగా ఇచ్చేది కాదు, హక్కు అన్న మాట అప్పుడే గట్టిగా వినబడింది.

మన తీరం సంగతి చూడండి. మైపాడులో వల లాగేవారు, ఇస్కపల్లి ఉప్పు మడుల్లో పనిచేసేవారు, రొయ్యల గుంటల గట్లమీద తిరిగేవారు రోజంతా ఎండలోనే ఉంటారు. పైన సూర్యుడు, కింద నీటి తళుకు. ఏళ్ళ తరబడి ఎండ తగిలిన కళ్ళకు శుక్లాలు, కంటిలో కండ పెరగడం ఎక్కువని వైద్యులు చెబుతారు. అంచు వెడల్పుగా ఉన్న టోపీ, ఎండను ఆపే అద్దాలు వీరికి అలంకారం కాదు, అవసరం.

రెండు జబ్బుల గురించి ప్రత్యేకంగా హెచ్చరిస్తాను. ఒకటి నీటికాసులు. ఇందులో చాలామందికి నొప్పి ఉండదు. పక్కచూపు మెల్లగా తరిగిపోతుంది. జబ్బున్నవారిలో అత్యధికులకు అది ఉందని తెలియనే తెలియదని పైన చెప్పిన పరిశోధనలోనే బయటపడింది. పోయిన చూపు రాదు, ఉన్నది మందులతో నిలుపుకోవచ్చు. రెండవది షుగరు. చూపు బాగున్నా సరే, షుగరు ఉన్నవారు ఏడాదికొకసారి కంటి వెనుక పొరను పరీక్ష చేయించుకోవాలి.

ఇక చూపు తిరిగిరాని వారి మాట. వైద్యుడు "ఇక చేసేదేమీ లేదు" అన్నంత మాత్రాన జీవితం అయిపోలేదు. మిగిలిన కొద్ది చూపును వాడుకోవడానికి భూతద్దాలు, తగిన వెలుతురు, తెల్లకర్రతో నడక, మాట్లాడే ఫోను, ఇవన్నీ నేర్పే పునరావాస కేంద్రాలున్నాయి. ఫోను తెలుగులో వార్తలు, బ్యాంకు మెసేజీలు చదివి వినిపిస్తుంది. మనవడు పది నిమిషాలు నేర్పితే చాలు. మచిలీపట్నం దగ్గర పుట్టిన బొల్లా శ్రీకాంత్‌గారు పుట్టు అంధులు. ఇంటర్మీడియట్‌లో సైన్సు చదవడానికి వీల్లేదంటే న్యాయపోరాటం చేసి చదివారు. అమెరికాలో ఎం.ఐ.టి.లో చదివి, తిరిగొచ్చి పరిశ్రమ పెట్టి, పదిమందికి పని చూపించారు.

హక్కుల మాటకు వస్తాను. మన సహోద్యోగి ఒకరున్నారు. ముప్ఫై ఏళ్ళు ఎన్నో ఫైళ్ళమీద సంతకం పెట్టిన చెయ్యి. చూపు పోయాక బ్యాంకుకు వెళితే, "వేలిముద్ర వెయ్యండి, సాక్షిని తెచ్చుకోండి, చెక్కుబుక్కు ఇవ్వం" అన్నారు. ఏ బ్యాంకన్నది ఇక్కడ అనవసరం. ఆయన నాతో అన్నమాట మాత్రం చెబుతాను. "కళ్ళు పోయినందుకు ఇంత బాధపడలేదయ్యా, సంతకం పోయినందుకు పడ్డాను."

ఆ సంతకం పోనక్కరలేదు. 2005లో వికలాంగుల చీఫ్ కమిషనర్ ఇచ్చిన ఉత్తర్వును అనుసరించి రిజర్వు బ్యాంకు 2008 జూన్‌లో అన్ని బ్యాంకులకు సర్క్యులర్ పంపింది. చూపులేనివారు ఒప్పందం చేసుకోవడానికి చట్టరీత్యా అర్హులేనని, చెక్కుబుక్కు, ఏ.టి.ఎం., లాకరు వగైరా సౌకర్యాలు వివక్ష లేకుండా ఇవ్వాలని అందులో ఉంది. 2014 జూలై నుంచి కొత్తగా పెట్టే ఏ.టి.ఎం.లన్నీ మాట్లాడేవిగా, బ్రెయిలీ మీటలతో ఉండాలని కూడా ఆదేశించింది. ఈ కాగితాలు చూపించాకనే మన మిత్రుడికి చెక్కుబుక్కు వచ్చింది. ఆయన ఇప్పుడు తన పెన్షను తానే తీసుకుంటున్నారు.

ఇవేవీ ఆకాశం నుంచి ఊడిపడలేదు. అంధుల సంఘాలు ఏళ్ళ తరబడి అర్జీలు పెట్టి, కోర్టుల చుట్టూ తిరిగి సాధించాయి. 1995లో మొదటి వికలాంగుల చట్టం వచ్చింది. దాని స్థానంలో మరింత విస్తృతమైన 2016 చట్టం వచ్చింది. 1970లో ఏర్పడిన జాతీయ అంధుల సమాఖ్య ఉద్యోగ రిజర్వేషన్లపై పోరాడి 2013లో సుప్రీంకోర్టులో గెలిచింది. అంధులు చదువుకోగల రూపంలో పుస్తకాలు తయారుచేసుకోవడానికి వీలు కల్పించే మరకేష్ ఒప్పందాన్ని 2014లో ప్రపంచంలో మొట్టమొదట ఆమోదించింది మన దేశమే. ఫోనులో "కనురెప్పలు ఆడించండి" అనే కె.వై.సి. పరీక్ష చూపులేనివారికి ఎలా సాధ్యమని అడిగిన కేసులో, డిజిటల్ సౌకర్యం అందుకోవడం జీవించే హక్కులో భాగమేనని 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అర్జీ రాయడం మనకు కొత్తకాదు కదా! ఉద్యోగంలో నేర్చిన విద్య ఇక్కడ అక్కరకు వస్తుంది.

ఈ సభ ముందు కొన్ని ప్రతిపాదనలు ఉంచుతున్నాను. ప్రతి యూనిట్ ఏడాదికొకసారి సభ్యులకు, వారి జీవిత భాగస్వాములకు కంటి పరీక్ష ఏర్పాటు చేయాలి. తీరగ్రామాలవారినీ ఆ శిబిరానికి పిలవాలి. ప్రతి యూనిట్‌లో ఇద్దరు సభ్యులు చూపు తగ్గినవారికి తోడుగా ఆసుపత్రికి, బ్యాంకుకు వెళ్ళే బాధ్యత తీసుకోవాలి. తోడు వెళ్ళాలే గాని వారి బదులు మాట్లాడకూడదు. రిజర్వు బ్యాంకు సర్క్యులర్ ప్రతిని ప్రతి యూనిట్ ఆఫీసులో ఉంచాలి. మన పత్రికను నెలనెలా ఎవరైనా చదివి, రికార్డు చేసి, చూడలేని సభ్యుల ఫోన్లకు పంపాలి.

చివరగా నేత్రదానం. మరణించిన ఆరు గంటలలోపు కళ్ళు సేకరించాలి. అద్దాలు వాడినా, శుక్లాల ఆపరేషను అయినా దానం చేయవచ్చు. సంతకం మనం పెట్టినా ఫోను చేయవలసింది ఇంటివారే. కనుక ఈ రాత్రి భోజనాల దగ్గర పిల్లలకు చెప్పి ఉంచండి.