ఎండ ముదిరిన మాట నిజమేనా? వరి రైతు చేయగల పని ఏమిటి?



భూమి వేడెక్కుతున్నదనే మాట ఈమధ్య మీ అందరి చెవినా పడుతూనే వుంది. ఊళ్ళో ఈ మాట ఎత్తితే సాధారణంగా రెండు ప్రశ్నలు వస్తాయి. మొదటిది, ‘ఇది నిజమేనా, లేక పట్నం వాళ్ళు చెప్పుకునే కబురా?’ అని. రెండోది, ‘నిజమే అనుకుందాం. ఎకరమో రెండెకరాలో చేసుకునే వాళ్ళం, మా వల్ల ఏమవుతుంది?’ అని. రెండూ అడగవలసిన ప్రశ్నలే. ఈ రెంటికీ సమాధానం చెప్పుకుందాం. గోదావరి, కృష్ణా డెల్టాలలో దాళ్వా వరి వేసేవారిని దృష్టిలో పెట్టుకొని నేను మాట్లాడుతున్నాను. బోర్ల కింద వరి చేసే మెట్ట రైతులకు, యాసంగి వరి వేసే తెలంగాణ రైతులకు కూడా ఇందులో పనికివచ్చే సంగతులున్నాయి.

‘ఎండలు మా తాతల నాడు కాయలేదా? కరువులు రాలేదా?’ అని పెద్దలు అంటారు. వచ్చాయి, కాదనలేం. 1876లో మొదలైన ధాత కరువు కథలు ఇప్పటికీ కొన్ని ఊళ్ళలో చెప్పుకుంటారు. ఒక ఏడు ఎండ ఎక్కువగా కాచినంత మాత్రాన, ఒక తుఫాను వచ్చినంత మాత్రాన భూమి వేడెక్కిందని చెప్పకూడదు. గేదె పాడి ఎంత అని అడిగితే ఒక్క పూట పాలు చూచి చెబుతామా? చెప్పం. దూడ ఎక్కువ తాగిన పూట తగ్గుతుంది, దాణా బాగా పెట్టిన పూట పెరుగుతుంది. ఈత మొత్తం లెక్క చూచుకొని గదా చెబుతాం! వాతావరణం సంగతీ అంతే. ఏళ్ళ తరబడి లెక్క చూడాలి.

ఆ లెక్క మనవద్ద వుంది. 1901 నుంచి 2018 వరకు మన దేశపు సగటు ఉష్ణోగ్రత సుమారు 0.7 డిగ్రీలు పెరిగిందని కేంద్ర భూ విజ్ఞాన మంత్రిత్వ శాఖ వారు 2020లో వెలువరించిన నివేదికలో చెప్పారు. 1901 నుంచి వున్న లెక్కల్లో 2024 మన దేశంలో అన్నిటికన్నా వేడి సంవత్సరమైంది. ప్రపంచం మొత్తం మీద చూచినా, యంత్రాలు ప్రబలని పాత రోజులతో పోలిస్తే, ఆ ఏడు సగటు సుమారు ఒకటిన్నర డిగ్రీలు ఎక్కువగా నమోదైంది.

‘ఒకటిన్నర డిగ్రీలా! అదో లెక్కా?’ అనవచ్చు మీరు. ఒంటి వేడి ఒకటిన్నర డిగ్రీలు పెరిగితే పనికి పోతామా? మంచం ఎక్కుతాం. సగటు అంత పెరిగిందంటే, వడగాడ్పుల రోజుల్లో ఎండ అంతకు మించి ముదురుతుందన్నమాట. 2015 మే నెలలో వడగాడ్పులకు మన ఉభయ రాష్ట్రాల్లో ఎంతమంది కూలీలు, ముసలివాళ్ళు ప్రాణాలు పోగొట్టుకున్నారో మనం మరిచిపోలేదు.

ఇక కారణం. చలికాలంలో ఆకాశం తేటగా వున్న రాత్రి చలి ఎక్కువగా వుంటుంది. మబ్బు పట్టిన రాత్రి అంత చలి వుండదు. పగలు నేల తాగిన వేడి రాత్రి పైకి పోతూవుంటే మబ్బు దాన్ని కొంత ఆపి మళ్ళీ కిందికి పంపుతుంది. కంటికి కనబడని కొన్ని వాయువులు కూడా ఇదే పని చేస్తాయి. వాటిలో ముఖ్యమైనది బొగ్గుపులుసు వాయువు, అంటే కార్బన్ డయాక్సైడ్. ఇది నిన్న మొన్న పుట్టిన మాట కాదు. ఈ వాయువు వేడిని పట్టి వుంచుతుందని 1859లో టిండాల్ అనే శాస్త్రజ్ఞుడు ప్రయోగం చేసి చూపాడు. బొగ్గు కాల్చే కొద్దీ భూమి వేడెక్కుతుందని 1896లో స్వీడన్ దేశపు శాస్త్రజ్ఞుడు అర్హీనియస్ లెక్క కట్టాడు.

గాలిలో ఈ వాయువు ఎంత వున్నదో 1958 నుంచి హవాయి దీవిలో ఒక కొండ మీద వరుసగా కొలుస్తున్నారు. మొదట్లో గాలి పది లక్షల పాళ్ళలో సుమారు 315 పాళ్ళు వుండేది. ఇప్పుడది 420 పాళ్ళు దాటింది. బొగ్గు, పెట్రోలు, డీజిలు కాల్చడమే ఇందుకు ముఖ్య కారణం. అడవులు నరకడం దానికి తోడైంది.

‘సూర్యుడే ఎక్కువగా మండుతున్నాడేమో!’ అని కొందరికి సందేహం. అలా అయితే ఎంతో ఎత్తున వున్న గాలి పొర కూడా వేడెక్కాలి. కాని కింది గాలి వేడెక్కుతూ వుంటే ఆ పై పొర చల్లబడుతున్నది. వేడి కిందనే చిక్కుబడిపోతున్నదనడానికి ఇదొక గట్టి గుర్తు. కనుక మొదటి ప్రశ్నకు సమాధానం ఒక్కటే. నిజమే. భూమి వేడెక్కుతున్నది, అందుకు కారణం మనుషులు చేస్తున్న పనులు.

ఇందువల్ల వరికి వచ్చే నష్టం ఏమిటో చూద్దాం. వరి పూలు ఉదయం తొమ్మిది గంటల ప్రాంతం నుంచి మధ్యాహ్నంలోపు విచ్చుకుంటాయి. ఆ వేళకు ఎండ 35 డిగ్రీలు దాటితే పుప్పొడి సరిగా రాలదు, గింజ కట్టదు. వెన్ను చూడడానికి నిండుగానే వుంటుంది. చేత్తో నలిపి చూస్తే తాలు. రాత్రి వేడి కూడా పంటను తింటుంది. రాత్రులు చల్లబడకపోతే పైరు పగలు కూడబెట్టుకున్న ఆహారాన్ని రాత్రి ఖర్చు పెట్టేసుకుంటుంది. ఫిలిప్పీన్సులోని అంతర్జాతీయ వరి పరిశోధనా సంస్థ పొలాల్లో 1979 నుంచి 2003 వరకు లెక్కలు చూచారు. వేసవి పంటలో రాత్రి ఉష్ణోగ్రత ఒక్క డిగ్రీ పెరిగితే దిగుబడి సుమారు నూటికి పది వంతులు తగ్గినట్లు తేలింది. తాలు పోయిందని కౌలు తగ్గదు, ఎరువు బాకీ తగ్గదు. ఆ నష్టం ముందుగా పడేది కౌలు రైతు మీద.

కాబట్టి మొట్టమొదటి జాగ్రత్త అదను. దాళ్వా ఊడ్పులు సంక్రాంతిలోగా ముగించుకోండి. 120 రోజుల రకమైతే మార్చి మధ్యకల్లా పూత వచ్చేస్తుంది. ఊడ్పు ఫిబ్రవరిలోకి జారితే పూత ఏప్రిల్ ఎండలో పడుతుంది. సార్వా కోత ఆలస్యమైందా, ఆకుమడి పోసి నెల రోజులు ఆగే బదులు దమ్ములో డ్రమ్ సీడర్ తో మొలక గింజలు వేస్తే వారం పది రోజులు కలిసివస్తాయి. సార్వాలో ముంపు భయం వున్న పల్లపు చేలకు 2009లో విడుదలైన స్వర్ణ సబ్-1 వంటి రకాలున్నాయి. అవి రెండు వారాల వరకు ముంపును ఓర్చుకుంటాయి.

ఇప్పుడు రెండో ప్రశ్నకు వద్దాం. మన వల్ల ఏమవుతుంది? ఒక సంగతి దాచకుండా చెప్పుకోవాలి. ఈ వేడిలో పెద్ద వాటా బొగ్గుది, పెట్రోలుది. ఆ భారం మోయవలసింది ముందుగా వాటిని ఎక్కువగా కాల్చిన దేశాలు, పెద్ద పరిశ్రమలు. రైతు మీద ఆ నేరం మోపడం న్యాయం కాదు. అయితే మన వరిచేను కూడా ఒక వాయువును విడుస్తున్నది. దాన్ని తగ్గిస్తే లాభం ముందుగా మనకే.

గోబర్ గ్యాస్ తొట్టి మీలో చాలామంది చూచివుంటారు. పేడ నీళ్ళను గాలి తగలకుండా మూసిపెడితే సూక్ష్మజీవులు దాన్ని కుళ్ళబెట్టి మంటకు పనికివచ్చే వాయువు తయారు చేస్తాయి. దాని పేరు మీథేన్. నిత్యం నీళ్ళు నిలిచిన వరిచేను కూడా అలాంటి తొట్టే. నీటి కింద మట్టికి గాలి అందదు. పాత దుబ్బులు, వేళ్ళు, గడ్డి కుళ్ళి మీథేన్ పుడుతుంది. అందులో ఎక్కువ భాగం వరి మొక్క కాడల్లో నుంచే పైకి వస్తుంది. నూరేళ్ళ లెక్కన చూస్తే ఒక కిలో మీథేన్ సుమారు 28 కిలోల బొగ్గుపులుసు వాయువు అంత వేడిని పట్టివుంచుతుంది. కాని ఇందులో ఒక మేలు వుంది. ఇది గాలిలో సగటున పన్నెండేళ్ళ ప్రాంతమే నిలుస్తుంది. కనుక ఇవాళ తగ్గిస్తే ఫలితం త్వరగా కనబడుతుంది.

తగ్గించే మార్గం కష్టమైంది కాదు. చేను ఎప్పుడూ చెరువులా వుండనవసరం లేదు. తడిపి, ఆరనిచ్చి, మళ్ళీ తడపాలి. ఎప్పుడు తడపాలో చూచుకోవడానికి చిన్న గొట్టం చాలు. అడుగు పొడవు, నాలుగైదు అంగుళాల వెడల్పు వున్న ప్లాస్టిక్ పైపు ముక్క తీసుకోండి. కింది సగానికి చుట్టూ రంధ్రాలు చేయండి. గట్టుకు దగ్గరగా, చూడడానికి వీలైన చోట, ఆరంగుళాలు మట్టిలోకి దిగేలా పాతండి. లోపలి మట్టి తీసేయండి. అప్పుడు మట్టి లోపలి నీటి మట్టం గొట్టంలో కనబడుతుంది. పైన నీరు ఇంకిపోయి, గొట్టంలో నీరు ఆరంగుళాల లోతుకు దిగేవరకు ఆగండి. వేళ్ళు ఆ లోతుకు అందుకుంటాయి, పైరు బెట్టకు రాదు. అప్పుడు రెండంగుళాల నీరు పెట్టండి.

కొన్ని జాగ్రత్తలు మాత్రం తప్పవు. ఊడ్చిన తరువాత రెండు వారాల దాకా పలుచగా నీరు వుంచండి, లేకపోతే కలుపు పెరుగుతుంది. పూతకు వారం ముందు నుంచి, పూత అయిన వారం వరకు రెండంగుళాల నీరు తగ్గనీయవద్దు. ఆ సమయంలో నీరుంటే పైరుకు కొంత చల్లదనం కూడా. నల్లరేగడిలో పెద్ద నెర్రెలు పడేదాకా ఆగవద్దు. నెర్రెలు పడితే పెట్టిన నీరంతా వాటిలోకే పోతుంది. సముద్రం దగ్గర ఉప్పు తేలే చౌడు భూముల్లో ఈ పద్ధతి వద్దు. ఆరితే ఉప్పు పైకి వస్తుంది.

ఇలా చేసిన చోట్ల మీథేన్ మూడో వంతు నుంచి సగం దాకా తగ్గుతున్నది. నీరు నూటికి పదిహేను మొదలు ముప్ఫై వంతుల వరకు మిగులుతున్నది. జాగ్రత్తలు పాటిస్తే దిగుబడి తగ్గదు. బోరు రైతుకు మోటారు తిరిగే గంటలు తగ్గుతాయి. కాలువ రైతుకు వంతు రెండు రోజులు ఆలస్యమైనా, గొట్టంలో నీరు కనబడుతూ వుంటే కంగారు వుండదు. ఎగువన మిగిలిన నీరు శివారు భూములకు అందుతుంది. ఏటా కాలువ గట్ల మీద జరిగే తగాదాలు మీకు తెలియనివి కావు.

యూరియా సంగతి ఒక మాట. పైరు తాగగా మిగిలిన నత్రజనిలో కొంత నైట్రస్ ఆక్సైడ్ అనే వాయువుగా మారుతుంది. ఇది మీథేన్ కంటే ఎన్నో రెట్లు వేడిని పట్టివుంచుతుంది. చేను ఆరినపుడు ఇది ఎక్కువ కావచ్చు. కనుక యూరియా మోతాదు మించవద్దు. ఒకేసారి గుమ్మరించక దఫాలుగా వేయండి. నీరు ఇంకిన చేలో చల్లి, వెంటనే నీరు పెట్టండి. ఆకు రంగు పట్టికతో పోల్చి చూచుకుంటే ఎప్పుడు అవసరమో తెలుస్తుంది. ముదురు పచ్చగా వున్న చేనికి మళ్ళీ యూరియా వేయడమంటే డబ్బు పోగొట్టుకొని పురుగును పిలవడమే.

ఇక కొయ్యకాళ్ళకు నిప్పు పెట్టవద్దు. పశువులకు పోగా మిగిలిన గడ్డిని, దుబ్బులను చేను ఇంకా తడి ఆరుతూ వున్నపుడే దున్ని కలిపేయండి. ఊడ్పుకు నాలుగు వారాల ముందే కలిపితే గాలి తగిలి చివుకుతుంది. నీళ్ళు పెట్టి దమ్ము చేసే రోజున పచ్చిగడ్డి తొక్కితే మీథేన్ ఎక్కువవుతుంది. అంత వ్యవధి లేని చోట, సార్వా తరువాత దుక్కి లేకుండా మొక్కజొన్న, లేదా మినుము, పెసర వేసుకోవచ్చు. అప్పుడు రెండో పంటలో నీళ్ళు నిలిపే పనే వుండదు.

నా తోటి విస్తరణ ఉద్యోగులకు ఒక మనవి. రైతు ముందు ప్రపంచపు అంకెలు వల్లిస్తే వినేవారు తక్కువ. ఊరికి ఒక్క చేలోనైనా గొట్టం పాతించండి. పక్కచేను మామూలు పద్ధతిలోనే వుండనివ్వండి. రైతు సేవా కేంద్రంలోనో, రైతు వేదికలోనో రోజూ పగటి వేడి, రాత్రి వేడి రాసే బోర్డు పెట్టండి. పూత రోజుల వేడిని, కోతనాటి తాలును పక్కపక్కన చూపితే రైతే లెక్క వేసుకుంటాడు.

రైతు సోదరులారా! మన గొట్టాలతోనే భూమి చల్లబడుతుందని నేను చెప్పడం లేదు. బొగ్గు పొగ తగ్గనిదే అది జరగదు. ఆ పని ప్రభుత్వాల చేత చేయించడానికి మనకూ నోరుంది, ఓటుంది. కాని అంతవరకు చేతులు కట్టుకొని కూర్చుంటే మన తాలు మనకే మిగులుతుంది. ఈ దాళ్వాలో మొత్తం చేను మార్చనక్కర లేదు. అరెకరం చేయండి. ఎన్ని తడులు పెట్టారో, యూరియా ఎంత పడిందో, పూత ఏ తేదీన వచ్చిందో ఒక పుస్తకంలో రాసుకోండి. కోతనాడు రెండు చేలనూ విడివిడిగా తూచండి. తూకం మీకు నచ్చితే వచ్చే ఏడు రెండెకరాలు చేయండి, పక్కవారికీ చెప్పండి.