మడమలు చూడండి

వృద్ధాశ్రమంలో సేవ బాగుందో లేదో ఎలా తెలుసుకోవాలో చెప్పమని ఆకాశవాణి వారు అడిగారు. నేను వార్డుల్లో నర్సుగా పనిచేసి, తర్వాత నర్సింగ్ విద్యార్థినులకు పాఠాలు చెప్పినదాన్ని. తోట, గుడి, భోజనశాల, నెలకు కట్టే డబ్బు మీరే చూసుకోగలరు. నేను చెప్పేది మంచం దిగలేనివాళ్ళ సంగతి. లేచి తిరిగే పెద్దాయన కాఫీ చల్లారిందని కేకేసి చెప్పగలడు. పక్షవాతంతో మాట పడిపోయినావిడ చెప్పలేదు. ఆమె ఒళ్ళు చూసే మనం తెలుసుకోవాలి.

మీ అమ్మగారో నాన్నగారో అక్కడ ఉంటే, వెళ్ళగానే దుప్పటి తీసి మడమలు చూడండి. పక్కకు తిప్పించి నడుము కింది ఎముక దగ్గరా, తుంటి దగ్గరా చూడండి. గంటల తరబడి ఒకేలా పడుకుంటే ఎముకకూ పరుపుకూ మధ్య చర్మం నలిగి, రక్తం అందక చచ్చిపోతుంది. పడక పుండు పడేది అలాగే. ఎర్రబడ్డ చోట వేలితో నొక్కి వదిలితే తెల్లబడి మళ్ళీ ఎర్రబడాలి. నొక్కినా ఎరుపు తగ్గకపోతే పుండు మొదలైనట్టే. కానీ మన చామనచాయ ఒంటి మీద ఆ ఎరుపు సరిగ్గా కనిపించదు. చేతి వెనకభాగం ఆనించి చూడండి. చుట్టుపక్కల కంటే వేడిగానో, గట్టిగానో, మెత్తబడినట్టుగానో ఉంటే అనుమానించాలి.

పడక పుండు పడితే సాధారణంగా ఆ తప్పు జబ్బుది కాదు, పరిచర్యదేనని ఫ్లారెన్స్ నైటింగేల్ 19వ శతాబ్దంలోనే రాసింది. 1962లో ఇంగ్లండులో డోరీన్ నార్టన్ అనే నర్సు పుండు పడే ప్రమాదం ఎవరికి ఉందో లెక్కగట్టే కొలత ఒకటి ఇచ్చింది. ఒంటి స్థితి, మనసు తెలివిడి, నడక, కదలిక, మలమూత్రాల మీద అదుపు, ఒక్కోదానికి నాలుగు మార్కుల దాకా వేస్తారు. మొత్తం 20కి 14 గానీ అంతకు తక్కువ గానీ వస్తే జాగ్రత్తపడాలి. కాగితం, పెన్సిలు ఉంటే చాలు. అయినా నేను చూసిన ఆశ్రమాల్లో చేర్చుకునేటప్పుడు బీపీ, షుగరు రాసుకున్నారే తప్ప ఈ ఐదూ ఎవరూ అడగలేదు.

మా రోజుల్లో బ్యాక్ కేర్ అని ఉండేది. పొద్దునా సాయంత్రం ట్రాలీ మీద గోరువెచ్చని నీళ్ళు, సబ్బు, స్పిరిట్, పౌడరు పెట్టుకుని మంచం మంచానికీ వెళ్ళేవాళ్ళం. మనిషిని పక్కకు తిప్పి వీపంతా తుడిచి, తడి లేకుండా అద్ది, అరచేత్తో రాసేవాళ్ళం. ఆ చేయి తగలగానే నిద్రలోకి జారిపోయినవాళ్ళు ఎందరో! స్పిరిట్ చర్మాన్ని ఎండగడుతుందనీ, ఎముక తేలినచోట రుద్దకూడదనీ తర్వాత తెలిసింది. ఆ రెండూ మానేయడం సబబే. కానీ వాటితోపాటు అసలు పనే పోయింది. రోజుకు రెండుసార్లు ఎవరో ఒకరు ఆ వీపును కళ్ళారా చూసేవారు. ఇప్పుడు చూసే దిక్కు లేదు. అది నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది. పెద్దల డైపర్లు వచ్చాక పక్క తడవడం లేదు. తడవదు కనుక పక్కబట్టలు మార్చరు, మార్చరు కనుక మనిషిని తిప్పరు. లోపల చర్మం నానుతూ ఉంటుంది. గాలి పరుపు వేశామండీ అంటారు. గాలి పరుపు మీద ఉన్నా తిప్పాల్సిందే.

మా బంధువు ఒకావిడ కోసం ఒక ఆశ్రమం చూడబోయాను. పాలరాతి మెట్లు, మెరిసే గదులు. మంచానికి తగిలించిన చార్టులో రెండు గంటలకోసారి కుడి, ఎడమ, వెల్లకిల అని టిక్కులు. అప్పుడు సాయంత్రం నాలుగు. టిక్కులు రాత్రి పది దాకా ఉన్నాయి! మరోచోట చార్టే లేదు. కానీ అక్కడి ఆయా, "ఈ మామ్మకి ఎడం తుంటి నొప్పమ్మా, అటు తిప్పితే మూలుగుద్ది. అందుకే అటు కాసేపే ఉంచుతా" అంది. మామ్మగారి మోకాళ్ళ మధ్య పాత చీర మడిచి పెట్టింది. మడమలు పరుపుకు ఆనకుండా పిక్కల కింద దిండు. ఎక్కడ నేర్చుకున్నావంటే, మంచానపడ్డ అత్తగారికి చేస్తూ నేర్చుకున్నానంది. మా బంధువును అక్కడే చేర్చాం.

రాత్రిపూట ఎంతమంది ఆయాలు ఉంటారో తప్పకుండా అడగండి. ఒక మనిషిని తిప్పి సర్దడానికి పది నిమిషాలనుకుంటే, రెండు గంటల్లో ఒక్కతే పన్నెండు మందిని మించి చూడలేదు. అదీ మంచినీళ్ళు తాగకుండా చేస్తేనే. ఇరవై మందికి ఒక్క ఆయాను పెట్టి, ఆమెకు అరకొర జీతమిచ్చి, సేవా సంస్థ అని బోర్డు కట్టుకోవడం అన్యాయం.

తిండి సంగతి. పడుకోబెట్టి తినిపిస్తుంటే వెంటనే ఆపించండి, మెతుకు ఊపిరితిత్తుల్లోకి పోతుంది. చేతులు మంచానికి కట్టేసి ఉంటే కారణం అడగండి. ఫిర్యాదుకు వృద్ధుల హెల్ప్‌లైన్ 14567 ఉంది.

విదేశాల్లో ఉన్న పిల్లలు వీడియో కాల్‌లో అమ్మ ముఖం చూసి, బాగానే ఉందనుకుంటారు. వారానికోసారి, ఆవిడను అడిగి, మడమలు కూడా చూపించమని ఆయాకు చెప్పండి.